డకోటాని మరిచిపోలేనివాళ్ళు

మా మామయ్యగారు తన పాత స్కూటర్‌ని డకోటా అనేవారు. "దీనికి పది తన్నులు పడితే గానీ పదకొండోదానికి పలకదు" అని నవ్వుకునేవారు. మీ ఇళ్ళల్లోనూ ఈ మాట వినే ఉంటారు. డకోటా బస్సు, డకోటా బండి. పెచ్చులూడిపోయి, పెద్దగా చప్పుడు చేస్తూ, ఎలాగో ఒకలా మనల్ని ఊరు చేర్చే ప్రతిదానికీ మనవాళ్ళు ఆ పేరు పెట్టేశారు. అసలు డకోటా ఒక విమానం. దాన్నుంచే ఈ వాడుక పుట్టి ఉంటుందని నా అనుకోలు. మనకి అది వెక్కిరింత మాటే గానీ, ఆ విమానాన్ని నడిపినవాళ్ళ దగ్గర ఆ పేరెత్తితే మాత్రం పుట్టింటి పేరు ఎత్తినట్టే.

ఈ మధ్య పాత పైలట్ల జ్ఞాపకాలు దొరికినవల్లా చదువుతున్నాను. చదివిన కొద్దీ నాకు ఒకటి వింతగా అనిపించింది. వీళ్ళంతా తర్వాత తర్వాత పెద్ద పెద్ద జెట్ విమానాలు నడిపారు. ఏసీ కాక్‌పిట్లు, ఆకాశంలో మబ్బులకి పైన కుదుపు లేని ప్రయాణాలు, వాటంతట అవే దారి పట్టుకుపోయే యంత్రాలు. అయినా మీకు బాగా ఇష్టమైన విమానం ఏదంటే, వానకి కారే ఆ రెండింజన్ల పాత విమానం దగ్గరికే వెళ్ళిపోతారు. కారడం అంటే నిజంగా కారడమే. వానలో పోతుంటే కాక్‌పిట్ అద్దాల సందుల్లోంచి నీళ్ళు ఒళ్ళో పడేవి. ఒళ్ళో రెయిన్‌కోటు పరుచుకుని నడిపినవాళ్ళున్నారు. అది కూడా మురిపెంగానే చెప్పుకుంటారు.

ముందు కాస్త చరిత్ర. అమెరికాలో డగ్లస్ కంపెనీవాళ్ళు తయారుచేసిన డీసీ-3 అనే విమానం మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న. రైట్ సోదరులు ఎగిరిన తేదీ కూడా అదే, సరిగ్గా 32 ఏళ్ళ ముందు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం ఇదే నమూనాలో పదివేలకు పైగా కట్టారు. ఆ సైనిక విమానానికి బ్రిటిష్‌వాళ్ళు పెట్టుకున్న పేరు డకోటా. యుద్ధం అయిపోయాక మన దేశంలో ఉన్న అమెరికన్ సైన్యం సామానంతా అమ్మేసుకుని వెళ్ళిపోతూ, వీటిని కూడా చవగ్గా అమ్మేసింది. దాంతో విమానాల కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి.

మన హైదరాబాద్‌లోనూ ఒకటి లేచింది. పేరు డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టారు. బేగంపేట దాని స్థావరం. మనలో చాలామందిమి విమానాశ్రయమంటే శంషాబాద్ అనుకునే కాలానికి వచ్చేశాం గానీ, 2008 మార్చిలో అది తెరిచేదాకా మన విమానాలన్నీ బేగంపేటవే కదా. అక్కడినుంచి డకోటాలు ఇటు మద్రాసుకీ, అటు నాగపూర్ మీదుగా ఢిల్లీకీ తిరిగేవి. మద్రాసు సుమారు రెండు గంటల ప్రయాణం. గంటకి 270 కిలోమీటర్ల లెక్కన వేసుకోండి. పదివేల అడుగుల లోపే ఎగిరేవి. లోపల గాలి ఒత్తిడిని సరిచేసే ఏర్పాటు లేదు కాబట్టి ఇంకా పైకి పోతే మనుషులకి ఊపిరాడదు. అంటే మబ్బులకి పైన కాదు, మబ్బుల్లోనే ప్రయాణం. కుదుపులకి పెద్దవాళ్ళు వాంతులు చేసుకునేవారు. చెవులు దిబ్బళ్ళు పడి పసిపిల్లలు ఏడ్చేవారు. ఆ ఒళ్ళో పిల్లల్ని పట్టుకున్న తల్లులని అడిగితే డకోటా మీద ఇంత ప్రేమ ఉండేదా అని నాకొక సందేహం.

ఆ తక్కువ ఎత్తు వల్లే పైలట్లకి ఇంకొకటి దక్కింది. నేల కనబడేది. పగటిపూట నదులూ, రైలు పట్టాలూ, చెరువులూ చూసుకుంటూ దారి సరిచూసుకునేవారు. మద్రాసు దారిలో కృష్ణ దాటామా, పెన్న వచ్చిందా అని చూసుకుంటూ పోవడం ఊహించుకోండి. అప్పటికి నాగార్జునసాగర్ ఇంకా కట్టలేదు. వేసవిలో ఇసుక తిన్నెల మధ్య సన్నటి పాయగా పారే కృష్ణని అంత దగ్గరగా, అంత తీరిగ్గా పైనుంచి చూసినవాళ్ళు వాళ్ళే.

ఇక ఆ ఇంజన్ల సంగతి. నాకు యంత్రాల గురించి పెద్దగా తెలియకపోయినా, చదువుతుంటే బాగా నచ్చింది ఈ భాగమే. డకోటాకి రెక్కకొకటి చొప్పున రెండు ఇంజన్లు. ఒక్కోదాంట్లో 14 సిలిండర్లు, ఏడేసి చొప్పున రెండు వరసల్లో, మధ్యలో ఇరుసు చుట్టూ పువ్వు రేకుల్లా అమర్చి ఉంటాయి. ఒక్కో ఇంజను 1,200 గుర్రాల బలం. ఇలా గుండ్రంగా అమర్చడంలో ఒక చిక్కుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆయిల్ మెల్లగా కిందికి జారి, అడుగునున్న సిలిండర్లలో చేరుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే ఆయిల్ నలగదు కాబట్టి లోపలి భాగాలు వంగిపోతాయి, విరిగిపోతాయి. అందుకని ముందుగా మనుషులు కింద నిలబడి ప్రొపెల్లరు రెక్కల్ని చేత్తో ఒక్కొక్కటే తిప్పేవారు. ఎక్కడైనా బిగుసుకుంటే లోపల ఆయిల్ చేరిందని గుర్తు. స్పార్కు ప్లగ్గు విప్పి, ఆయిల్ కార్చేసి, మళ్ళీ బిగించాలి. అప్పటిదాకా టికెట్టు కొన్న పెద్దమనుషులు ఎండలో నిలబడి చూస్తుండాల్సిందే.

స్టార్ట్ చేయడం కూడా ఒక తంతు. పెట్రోలు కాస్త లోపలికి పంపుతారు. ప్రొపెల్లరు మెల్లగా తిరగడం మొదలవుతుంది. కాక్‌పిట్లో రెక్కలు లెక్కపెట్టుకుంటారు, ఇన్ని తిరిగాక స్విచ్చి వేయాలని. ఒక సిలిండరు దగ్గుతుంది. ఇంకొకటి అందుకుంటుంది. భగ్గుమని తెల్లటి పొగ వెనక్కి కమ్ముకుంటుంది. కింద ఒకతను మంటలార్పే సిలిండరు పట్టుకుని రెడీగా నిలబడి ఉంటాడు. కాసేపటికి 14 సిలిండర్లూ ఒక దారిలో పడి ఇంజను సర్దుకుంటుంది. చలికాలం పొద్దున ఒకలా, మే నెల మధ్యాహ్నం ఒకలా. పెట్రోలు ఎక్కువైతే ఉక్కిరిబిక్కిరైపోతుంది, తక్కువైతే పలకదు. ఎంత అన్నది ఏ పుస్తకంలోనూ సరిగ్గా రాయలేరు. చెయ్యి తిరగాల్సిందే. ఉప్పు సరిపోయిందో లేదో పొయ్యి మీద కూర వాసన చూసి చెప్పే చెయ్యి లాంటిదే అది కూడా.

గాల్లోకి లేచాక ఇంకో పని. రెండు ఇంజన్లూ ఒకే వేగంతో తిరగకపోతే విమానమంతా "ఊఁ... ఊఁ... ఊఁ..." అని అలలు అలలుగా మూలుగుతుంది. ప్రయాణికులకి తలనొప్పి. పైలట్ చెవి ఒగ్గి వింటూ, లివరుని వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ కదుపుతూ, ఆ అలలు నిదానించి నిదానించి చివరికి రెండు గొంతులూ ఒకే శ్రుతిలో కలిసేదాకా సరిచేయాలి. కొన్నేళ్ళు నడిపాక ఇది వాళ్ళకి నిద్రలో కూడా తెలిసేదట. శ్రుతి తప్పితే మెలకువ వచ్చేస్తుంది, పక్క గదిలో పిల్ల దగ్గితే మనకి వచ్చినట్టు. ఈ చప్పుడు మధ్యే బతికిన పైలట్లలో కొందరికి పెద్దతనంలో వినికిడి పోయింది. అదీ చెప్పుకోవాలి.

దిగడం మరీ కష్టం. ఇప్పటి విమానాలకి ముక్కు కింద చక్రం ఉంటుంది. డకోటాకి తోక కింద ఉంటుంది. నేల మీద ఉన్నప్పుడు ముక్కు పైకెత్తి, తోక కిందికి దించి కూర్చుంటుంది. ప్రయాణికులు ఎక్కాక సీటు దాకా గుట్ట ఎక్కినట్టు నడవాలి. దిగేటప్పుడు పక్కగాలి వీస్తే తోక ఒక పక్కకి లాగేస్తుంది, గిర్రున తిరిగిపోకుండా కాళ్ళతో పెడళ్ళు తొక్కుతూ ఆపుకోవాలి. నేలమీద చక్రాలు ఆనాయి కదా అని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. పూర్తిగా ఆగేదాకా దాన్ని నడుపుతూనే ఉండాలి.

ఇంత ఇబ్బంది పెట్టేదాన్ని ఎందుకంత ప్రేమించారో ఇదంతా చదివాకే నాకు అర్థమైంది. అది వాళ్ళని అడిగి పని చేసేది. వాళ్ళ చెవి, చెయ్యి, కాలు, ముక్కు అన్నీ దానికి కావలసి వచ్చేవి. జెట్ ఇంజను వచ్చాక ఆ అవసరం తగ్గింది. ప్రాణాలకి ఎంతో మంచిదే అయింది. గ్యాసు పొయ్యి వచ్చాక కిరసనాయిలు స్టవ్వు పిన్నుతో గుచ్చుకునే రోజులు మళ్ళీ కావాలని మనం ఎవరమైనా అంటామా? అనం. కానీ ఆ స్టవ్వుని వెలిగించడం చేతనైన మనిషిని నేనని కాస్త గర్వం మాత్రం మిగిలి ఉంటుంది. పైలట్ల ఇష్టంలో నాకు అలాంటి గర్వమే కనబడింది.

ఆ విమానాలు మోసినవాటిలో మన ఆడవాళ్ళకి దగ్గరైనది ఉత్తరాలు. 1949 జనవరి 30న నైట్ ఎయిర్‌మెయిల్ మొదలైంది. ఏర్పాటు ఎంత తెలివైనదో చూడండి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు రాత్రి బయల్దేరతాయి. అర్ధరాత్రి దాటాక నాలుగూ నాగపూర్‌లో కలుసుకుంటాయి. దేశానికి నడిమధ్య కదా. అక్కడ తపాలా సంచులూ, ప్రయాణికులూ ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మారతారు. తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్ళు చేరిపోతారు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి మామూలు ఉత్తరాలని కూడా అదనపు రుసుము లేకుండా విమానంలో పంపడం మొదలుపెట్టారు. ఢిల్లీలో కాపురం పెట్టిన కూతురు రాసిన ఉత్తరం రైల్లో రెండు మూడు రోజులు పట్టేది, ఇప్పుడు ఒక్క రాత్రిలో మద్రాసులో ఉంటుంది. మ్యాపు తీసి నాగపూర్ నుంచి మద్రాసుకి సూటిగా గీత గీస్తే అది వరంగల్, పల్నాడు, నెల్లూరు ప్రాంతాల మీదుగా పోతుంది. మన అమ్మమ్మలు ఆరుబయట మంచాలేసుకుని పడుకున్న ఆకాశంలోంచే ఆ సంచులు వెళ్ళాయన్నమాట.

ఆ రాత్రి ప్రయాణాల గురించి పైలట్లు చెప్పేది చాలా అందంగా ఉంటుంది గానీ, అందులో చావులు కూడా ఉన్నాయి. 1953 డిసెంబరు 12న నాగపూర్‌లో నైట్ మెయిల్ డకోటా ఒకటి పైకి లేచిన కాసేపటికే ఇంజను చెడి కూలిపోయింది. 13 మంది చనిపోయారు. బతికింది ఒక్క పైలట్. ఆ 13 ఇళ్ళల్లో డకోటా అనే మాట ఎలా వినబడుతుందో వేరే చెప్పాలా. పాత విమానాల మీద ముచ్చట పడేటప్పుడల్లా ఈ లెక్క కూడా పక్కన పెట్టుకోవాలని నా అభిప్రాయం. ఆ పిస్టన్ ఇంజన్లు తరచూ ఆగేవి. ఎలా ఆగినా దించుకురాగలిగిన పైలట్లే జ్ఞాపకాలు రాయడానికి మిగిలారు.

కొన్ని జ్ఞాపకాలు రాయడం కంటే వేరే దారిలో బతికాయి. వైమానిక దళంలో డకోటాలు నడిపిన ఎయిర్ కమోడోర్ ఎం.కె. చంద్రశేఖర్ గారి కొడుకు రాజీవ్ చంద్రశేఖర్, తండ్రి గౌరవార్థం ఒక పాత డకోటాని ఐర్లండులో తుక్కులోంచి కొని, ఇంగ్లండులో కొన్నేళ్ళపాటు బాగు చేయించి, వైమానిక దళానికి కానుకగా ఇచ్చారు. 2018లో అది ఇంగ్లండు నుంచి ఊరూరా ఆగుతూ, తన ఇంజన్ల మీదే ఎగురుకుంటూ మన దేశం చేరింది. పరశురామ అని పేరు పెట్టారు. దాని మీద రాసిన నంబరు వీపీ 905. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు సైనికుల్ని శ్రీనగర్‌లో దించిన డకోటా నంబరు అది. చిన్నప్పుడు నాన్న నడపగా చూసిన విమానాన్ని పెద్దయ్యాక కొనివ్వడం అందరికీ కుదిరేది కాదులెండి. కానీ కొడుకు తండ్రి జ్ఞాపకాన్ని అలా మోసుకురావడం నాకు బాగుంది.

తండ్రుల డకోటాలు, కెప్టెన్ల డకోటాలు... ఇవన్నీ చదువుతుంటే, ఆ కాక్‌పిట్లో ఒక్క ఆడమనిషైనా కూర్చోలేదా అని వెతకడం మొదలుపెట్టాను. కూర్చున్నారు. అదీ మన బేగంపేటలోనే.

ఆవిడ పేరు ప్రేమ్ మాథుర్. అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్చుకుని, 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నారు. మన దేశంలో విమాన కంపెనీలో పైలట్‌గా చేరిన మొదటి మహిళ ఆవిడే. ఎనిమిది కంపెనీలు ఉద్యోగం ఇవ్వం పొమ్మన్నాయని చెబుతారు. ఆ కాలంలో కంపెనీలు ఉన్నవే కొన్ని. అంటే దాదాపు తలుపు ఉన్న చోటల్లా తట్టి చూశారన్నమాట. చివరికి తలుపు తీసింది హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్. కో-పైలట్‌గా తీసుకున్నారు. పైన చెప్పిన ఆ పొగ, ఆ శ్రుతి, ఆ తోక చక్రం, ఆ వాన అన్నీ ఆవిడా అనుభవించారు. లేడీ మౌంట్‌బాటెన్, ఇందిరాగాంధీ, లాల్ బహదూర్ శాస్త్రి వంటి వాళ్ళు ఆవిడ నడిపిన విమానాల్లో ప్రయాణం చేశారు. 1949లో జాతీయ విమాన పందెంలో నెగ్గారు. పక్కనున్నవాళ్ళంతా మగవాళ్ళే, గుర్తుపెట్టుకోండి.

ఇంత చేసినా, కాక్‌పిట్‌లో ఎడమ పక్క కుర్చీ మాత్రం ఇవ్వలేదు. విమానాల్లో ఎడమ కుర్చీ కెప్టెన్‌ది, కుడి కుర్చీ కో-పైలట్‌ది. విమానం బాధ్యత పూర్తిగా నాకివ్వండి అని ఆవిడ అడిగారు, డెక్కన్ ఎయిర్‌వేస్ ఒప్పుకోలేదు. దేశంలో అందరికంటే పెద్ద మనసు చేసుకుని ఉద్యోగమిచ్చిన కంపెనీయే అక్కడ ఆగిపోయింది. ఇది మనకి తెలియని సంగతేం కాదు. రానిస్తారు, పని చేయనిస్తారు, మెచ్చుకుంటారు కూడా. తాళాలు మాత్రం చేతికివ్వరు. ఆవిడ ఇక్కడ మానేసి ఢిల్లీ వెళ్ళి, ఘనశ్యామ్ దాస్ బిర్లా గారి సొంత విమానానికి కొంతకాలం పైలట్‌గా పనిచేశారు. ఆరుగురు పిల్లల తల్లి ఆవిడ. ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

దాదాపు ఆ రోజుల్లోనే ఇంకొక ఆవిడ. బిజూ పట్నాయక్ 1947 జులైలో నెహ్రూ గారి మాట మీద డకోటాలో జావా వెళ్ళి, డచ్చివాళ్ళ దిగ్బంధంలోంచి ఇండోనేషియా నాయకుడు సుతాన్ షహ్రీర్‌ని తీసుకొచ్చిన కథ చాలామందికి తెలుసు. ఆ విమానంలో ఆయన పక్కన భార్య జ్ఞాన్ పట్నాయక్ ఉన్నారన్న సంగతి మాత్రం అంతగా చెప్పరు. ఆవిడా పైలటే. వాళ్ళ చిన్న కొడుకు నవీన్ పుట్టింది 1946 అక్టోబరులో. లెక్కవేస్తే ఆ ప్రయాణం నాటికి తొమ్మిది నెలల పిల్లవాడు. ఆ సాహసం చదివినప్పుడల్లా నా మనసు జావా మీదికి పోదు, ఆ పిల్లవాడి దగ్గరికి పోతుంది.

1953 ఆగస్టు 1న ప్రభుత్వం ఎనిమిది దేశీయ కంపెనీలని కలిపేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ పెట్టింది. డెక్కన్ ఎయిర్‌వేస్ అందులో కలిసిపోయింది. కొత్త సంస్థకి మొదటిరోజు చేతికొచ్చిన 99 విమానాల్లో 74 డకోటాలే. ప్రేమ్ మాథుర్ గారు కూడా ఆ ఏడాదే అందులో చేరారు, ఉద్యోగ జీవితం ముగిసేదాకా అక్కడే ఉన్నారు.

తర్వాత వైకౌంట్లు వచ్చాయి, ఫోకర్ ఫ్రెండ్‌షిప్పులు వచ్చాయి, డకోటాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. 1985 నవంబరులో కలకత్తా నుంచి సిల్చార్‌కి ఒక ఫోకర్ ఫ్రెండ్‌షిప్ బయల్దేరింది. ఎడమ కుర్చీలో కెప్టెన్ సౌదామినీ దేశ్‌ముఖ్, కుడి కుర్చీలో నివేదితా భాసిన్. మన దేశంలో సిబ్బంది అంతా ఆడవాళ్ళే అయిన మొదటి విమానం అది. ప్రేమ్ మాథుర్ గారు అప్పటికి బతికే ఉన్నారు.